వరంగల్ చుట్టుపక్కల ఫొటోగ్రఫీ దేంతో నేర్చుకుంటున్నారు?

కాజీపేట జంక్షన్:
అందరికీ నమస్తే. సెకండ్‌హ్యాండ్‌లో ఒక డీఎస్ఎల్ఆర్ తీసుకున్నాను, దాంతో పాటు 18-55 కిట్ లెన్స్ వచ్చింది. ఆటో మోడ్‌లో కొన్ని ఫొటోలు బాగానే వస్తున్నాయి. కానీ ఎందుకు బాగా వచ్చాయో, మిగతావి ఎందుకు రాలేదో అర్థం కావట్లేదు. యూట్యూబ్‌లో తెలుగు వీడియోలు వెతికితే సగం "ఏ కెమెరా కొనాలి" దగ్గరే తిరుగుతున్నాయి, మిగతా సగం ప్రీసెట్లు (రెడీమేడ్ ఎడిటింగ్ సెట్టింగులు) అమ్ముకునేవి. పెళ్లిళ్లు తీసే ఆలోచన లేదు. కోట, రామప్ప, పండుగలు, మార్కెట్లు, ఇవే ఇష్టం. డబ్బు కట్టి కోర్సులో చేరాలా, ఫ్రీగా దొరికేవి సరిపోతాయా?

సైన్స్ సార్, హన్మకొండ:
ముందు మీ కెమెరా కంపెనీ వెబ్‌సైట్ నుంచి మీ మోడల్ మాన్యువల్ పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసుకోండి. మొత్తం చదవక్కర్లేదు. మీటరింగ్ (కెమెరా వెలుతురును కొలిచే తీరు), ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఆ కొలత మీద మనం ప్లస్, మైనస్ చేసి ఫొటో వెలుగు మార్చడం) పేజీలు చాలు. తర్వాత కేంబ్రిడ్జ్ ఇన్ కలర్ అనే సైట్ చూడండి. ఇంగ్లిషే, కానీ బొమ్మలు వేసి వివరిస్తారు. హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి నుంచి వెలుగు దాకా ఎంతెంత ఉందో చూపే గ్రాఫ్), డెప్త్ ఆఫ్ ఫీల్డ్ (ముందు నుంచి వెనక దాకా ఎంత మేర స్పష్టంగా ఉంటుందో) గురించి అంత శుభ్రంగా చెప్పిన చోటు నేను ఇంకోటి చూడలేదు. లెక్కలంటే ఇష్టమైతే మార్క్ లెవాయ్ పాఠాలున్నాయి. స్టాన్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్‌గా చెప్పిన కోర్సునే 2016లో గూగుల్‌లో మళ్లీ చెప్పారు, వీడియోలు నెట్‌లో ఫ్రీగా ఉన్నాయి. మొదటి వారమే వాటి జోలికి వెళ్తే మాత్రం నిద్ర ఖాయం.

ఒక పని చెప్తాను. ఎండ బాగా కాసిన రోజు కోటకు వెళ్లి, మాన్యువల్ మోడ్‌లో ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె) 100, అపర్చర్ (లెన్స్ రంధ్రం, అంకె పెరిగేకొద్దీ చిన్నదవుతుంది) ఎఫ్/16, షటర్ 1/125 సెకను పెట్టండి. మీటర్ వైపు చూడకుండా ఎండ పడుతున్న తోరణాన్ని తీయండి. ఫిల్మ్ రోజుల నాటి సూత్రం, ఇప్పటికీ పనిచేస్తుంది. తర్వాత ఎఫ్/8కి వచ్చి షటర్ 1/500 చేయండి. వెలుతురు అంతే ఉంటుంది, వెనకాల రాళ్లు కొంచెం మసకబారతాయి. ఈ రెంటికీ ఉన్న సంబంధం వేళ్లకు అలవాటైతే ఆటో మోడ్ దానంతటదే పోతుంది.

మిర్చి యార్డ్:
సార్, హిస్టోగ్రామ్ అనగానే అందరూ ఆ తెల్ల గ్రాఫ్ ఒక్కటే చూస్తారు. మన ఊళ్లో అది మోసం చేస్తుంది. ఫిబ్రవరి, మార్చిల్లో ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లి చూడండి. చపాటా మిర్చి రాశి మీద ఎండ పడుతుంటుంది. 2025లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిందే, ఆ మిర్చి. ఫొటో తీస్తే గ్రాఫ్‌లో అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. ఇంటికొచ్చి పెద్ద స్క్రీన్‌లో చూస్తే రాశి మొత్తం ఒకటే ఎర్ర ముద్ద. కాయ మీద ముడత కనిపించదు, తొడిమ కింది నీడ కనిపించదు. ఆకుపచ్చ, నీలం చానళ్లలో ఏమీ లేదు, ఎరుపు ఒక్కటే నిండి పొంగిపోయింది. మూడూ కలిపి చూపించే గ్రాఫ్‌లో ఆ సంగతి దాగిపోతుంది.

కెమెరాలో ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపేది) ఆన్ చేయండి. ఎరుపు గ్రాఫ్ కుడి అంచుకు తగలకుండా ఎక్స్‌పోజర్ 2/3 స్టాప్ (ఒక స్టాప్ తగ్గిస్తే వెలుతురు సగమవుతుంది) తగ్గించి, రా ఫార్మాట్‌లో (సెన్సర్ పట్టిన వివరాలన్నీ ఉంచే ఫైలు) తీయండి. ఇంటికొచ్చాక డార్క్‌టేబుల్‌లో తెరిస్తే ముడతలు కనిపిస్తాయి. ఆ సాఫ్ట్‌వేర్ కూడా ఫ్రీనే, నేర్చుకోవడానికి కొంత ఓపిక కావాలి. బంతిపూలు, ఎర్ర పట్టుచీరలు తీసేటప్పుడు కూడా ఇదే గొడవ.

వేలం మొదలుకాకముందే వెళ్లండి, ఆ తర్వాత నిలబడే చోటుండదు. హమాలీల దారికి అడ్డం పోకండి. ఘాటుకి మాస్క్ తప్పనిసరి.

లైట్ బాయ్:
పెళ్లిళ్లు వద్దన్నావు కానీ తమ్ముడూ, ముహూర్తాల సీజన్‌లో ఏదైనా స్టూడియో వాళ్లతో లైట్ పట్టుకోవడానికి పోయి చూడు. మండపంలో ఒక పక్క పసుపు బల్బులు, ఇంకో పక్క వీడియో వాళ్ల తెల్ల లైటు, పైన డెకరేషన్ వాళ్ల ఊదారంగు ఎల్‌ఈడీ. వైట్ బ్యాలెన్స్ (ఏ లైటులోనైనా తెలుపు తెల్లగానే వచ్చేలా రంగు సరిచేయడం) అంటే ఏంటో అక్కడ ఒక్క పూటలో తెలుస్తుంది. తలంబ్రాలు రెండోసారి పోయమని అడగలేవు కదా, చేయి దానంతటదే వేగం పుంజుకుంటుంది.

ఫ్లాష్ కోసం స్ట్రోబిస్ట్ బ్లాగు చదువు. అమెరికాలో పత్రికా ఫొటోగ్రాఫర్‌గా పనిచేసిన డేవిడ్ హాబీ 2006లో మొదలుపెట్టాడు. అందులో లైటింగ్ 101 అనే పాఠాలున్నాయి. చిన్న ఫ్లాష్‌ను కెమెరా మీద నుంచి తీసి పక్కన పెట్టి వాడడం ఎట్లనో మొదటి నుంచి చెప్తాడు. పాత బ్లాగే, కానీ వెలుతురు పాతబడదు కదా.

స్టూడియోలో ఒక్కటి మాత్రం నేర్చుకోకు: అందరి మొహాలూ నున్నగా గీకేసే ఎడిటింగ్.

జగిత్యాల అక్క:
నా దగ్గర కెమెరా లేదు, ఫోనే. ఓపెన్ కెమెరా అనే యాప్ వాడతాను, ఫ్రీ, ప్రకటనలు కూడా రావు. ఫోన్ ఒప్పుకుంటే షటర్, ఐఎస్ఓ మనమే పెట్టుకోవచ్చు. సద్దుల బతుకమ్మ రాత్రి నైట్ మోడ్ పెడితే ఫోన్ బోలెడు ఫ్రేములు తీసి ఒకటిగా కలుపుతుంది, చప్పట్లు కొట్టే చేతులు ఒక్కొక్కరికి నాలుగు వస్తాయి! నైట్ మోడ్ తీసేసి, షటర్ 1/15 పెట్టి, ఫోన్‌ను గోడకో కరెంటు స్తంభానికో ఆనించి తీయండి. మధ్యలో బతుకమ్మలు స్పష్టంగా ఉంటాయి, చుట్టూ తిరిగే చీరలు రంగుల గీతల్లా సాగుతాయి. ఎడిటింగ్‌కు స్నాప్‌సీడ్ చాలు.

తమ్ముళ్లందరికీ ఒక మాట. మేం ఆడుకుంటుంటే ఎవరో తెలియని వాళ్లు దూరం నుంచి పెద్ద లెన్స్ పెట్టి తీస్తే మాకు ఇబ్బందిగా ఉంటుంది. దగ్గరికొచ్చి ఒక్కమాట అడగండి, చాలామంది కాదనరు. తీశాక పంపించండి కూడా.

పరకాల రోడ్:
డబ్బు సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. వీకెండ్ వర్క్‌షాప్ ఒకటి చేశాను, ఎవరు పెట్టారో వద్దులెండి. ఒక మోడల్‌ను నిలబెట్టారు, సెట్టింగులు వాళ్లే చెప్పారు, అందరం వరసగా నిలబడి నొక్కాం. అందరి కార్డుల్లోనూ ఒకటే ఫొటో. కట్టేముందు అడగండి: ఒక బ్యాచ్‌లో ఎంతమంది ఉంటారు, మేం తీసినవి కూర్చుని చూసి తప్పొప్పులు చెప్తారా? రెండోదానికి సూటిగా జవాబు రాకపోతే ఆ డబ్బుతో పెట్రోల్ కొట్టించుకుని లక్నవరం పోయి రండి.

ఇంటర్ అయిన పిల్లలకైతే హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూలో (ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) ఫొటోగ్రఫీ బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) ఉంది. ఉద్యోగాలు చేసేవాళ్లకు కుదరదు. ఇండియన్ ఫొటో ఫెస్టివల్ మాత్రం చూడండి, 2015 నుంచి హైదరాబాద్‌లో జరుగుతోంది. మంచి ఫొటోను గోడ మీద పెద్ద ప్రింటుగా చూస్తే ఫోన్‌లో ఎంత పోగొట్టుకుంటున్నామో తెలుస్తుంది.

పాలంపేట దారి:
నేర్చుకునే చోట్లు చాలానే చెప్పారు. మన ఫొటో బాగాలేదని చెప్పే మనిషి ఏడీ? వాట్సాప్ గ్రూపుల్లో "సూపర్ అన్నా", "కేక" తప్ప ఇంకో మాట రాదు. నాకు దారి దొరికింది వికీమీడియా కామన్స్‌లో, అంటే వికీపీడియా వాళ్ల ఫ్రీ ఫొటోల సైట్‌లో. అక్కడ క్వాలిటీ ఇమేజెస్ అని ఒక విభాగం ఉంది. సొంతంగా తీసిన ఫొటోను నామినేట్ చేస్తే ముక్కూమొహం తెలియనివాళ్లు చూసి తీర్పు రాస్తారు: గోడ పక్కకు ఒరిగింది, నీడల్లో నాయిస్ (చుక్కచుక్కల గరుకుతనం) ఉంది, ఫోకస్ మొహం మీద లేదు. మొహమాటం ఉండదు. ఒప్పుకోకపోయినా కారణం చదివితే మళ్లీ ఏం చూసుకోవాలో తెలుస్తుంది.

ఇంకో లాభం, అక్కడ రామప్ప అనో వేయిస్తంభాల గుడి అనో వెతికితే చాలా ఫొటోల కింద ఏ లెన్స్, ఎంత షటర్, ఎంత అపర్చర్ అన్నీ రాసి ఉంటాయి. మనం నిలబడిన చోటే ఇంకొకరు నిలబడి ఏం చేశారో చూడొచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి, అక్కడ పెట్టిన ఫొటోను ఎవరైనా వాడుకోవచ్చు, వ్యాపారానికి కూడా. పేరు మీదే ఉంటుంది, డబ్బు రాదు. అది ఇష్టం లేనివాళ్లు పెట్టకండి.

కాజీపేట జంక్షన్:
అందరికీ థాంక్స్. మాన్యువల్ డౌన్‌లోడ్ అయింది. రామప్ప మాట వచ్చింది కాబట్టి ఒక డౌట్. చూరు కింద ఉండే మదనికలను (స్త్రీ శిల్పాలను) తీస్తే నల్లగా ముద్దలా వస్తున్నాయి. మిర్చి అన్న చెప్పినట్టు ఎక్స్‌పోజర్ తగ్గిస్తే ఇంకా నల్లబడవా?

సైన్స్ సార్, హన్మకొండ:
నల్లబడతాయి. మిర్చి లెక్క ఇక్కడ నడవదు. కింద నుంచి పైకి తీసేటప్పుడు ఫ్రేమ్‌లో ఆకాశం పడుతుంది. మీటర్ ఆ వెలుగు చూసి మొత్తం తగ్గించేస్తుంది, మదనిక నీడబొమ్మ అయిపోతుంది. అప్పుడు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ +1, అవసరమైతే ఇంకొంచెం పెంచండి, ఆకాశం తెల్లబడితే తెల్లబడనీయండి. అదే జూమ్ చేసి నల్లరాయే ఫ్రేమ్ అంతా నింపారనుకోండి, కథ తిరగబడుతుంది. మీటర్‌కు అది నల్లరాయని తెలియదు కాబట్టి బూడిదరంగు దాకా వెలిగిస్తుంది. అప్పుడు -1 పెట్టాలి. ఒకే శిల్పం, రెండు ఫ్రేములు, రెండు వేర్వేరు దిద్దుబాట్లు. స్పాట్ మీటరింగ్ (ఫ్రేమ్‌లో చిన్న చోటు వెలుతురే కొలవడం) కూడా ప్రయత్నించండి, మాన్యువల్‌లో ఆ పేజీ ఉంటుంది.

పాలంపేట దారి:
సార్ చెప్పిన దానికి ఒక చిన్న చేర్పు. ఆ డోలరైట్ (మదనికలు చెక్కిన నల్లరాయి) బాగా నునుపు, వెలుతురు ఎదురుగా పడితే తళుక్కుమని ఒక తెల్ల మచ్చ వస్తుంది. ఒక అడుగు పక్కకు జరిగితే ఆ మెరుపు మెడలో హారం మీదికి, మోచేతి మీదికి జారుతుంది, అప్పుడు చెక్కడం తెలుస్తుంది. గుడి తూర్పు ముఖం కాబట్టి ముందు వైపు మదనికలకు పొద్దున వెలుతురు బాగుంటుంది. హన్మకొండ నుంచి దాదాపు 70 కిలోమీటర్లు, తెల్లవారకముందే బయలుదేరాలి. ట్రైపాడ్‌కు పురావస్తు శాఖ అనుమతి కావాలి, అది ఇంట్లోనే వదిలేయండి.

లైట్ బాయ్:
ఆదివారమైతే నేనూ వస్తా. బండి ఎవరిది?