జిల్లా పేజీల్లో తప్పు వార్త: ప్రెస్ కౌన్సిల్‌కు ఎట్లా రాయాలి?

ఆదోని పాఠకుడు:
ఒక దినపత్రిక కర్నూలు జిల్లా పేజీల్లో మా పొదుపు సంఘం లోన్ డబ్బు స్వాహా చేసిందని వేశారు. బ్యాంకు స్టేట్‌మెంటుతో సహా విలేకరికి ఖండన ఇచ్చినాము, మూడు వారాలైనా రాలేదు. పత్రికల మీద ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్‌కు పోవచ్చునా? లాయరేమో దావా వేద్దామంటున్నాడు. ఆ మాట విలేకరికి చెప్పిందెవరో కూడా తేలాల.

డెస్క్ మనిషి, కడప:
విలేకరికి ఇచ్చిన కాగితం చాలదన్నా. ముందు ఎడిటర్‌కు రాసినారా లేదా అనేదే కౌన్సిల్ చూస్తుంది. పేపర్లో ఓ మూల చిన్నక్షరాల్లో ఎడిటర్ పేరు, చిరునామా ఉంటాయి. దానికి స్పీడ్ పోస్టు చేసి రసీదు దాచండి. ఏ తేదీ, ఏ పేజీ, ఏ వాక్యం తప్పు, దానికి రుజువేమిటి: ఒక్క పేజీలో రాయండి. వేయాల్సిన సవరణ కూడా మీరే నాలుగు లైన్లలో రాసివ్వండి. వార్తలు దిద్దే డెస్క్‌లో అది నేరుగా పేజీలోకి పోతుంది.

గడువు జాగ్రత్త. దినపత్రికకైనా వారపత్రికకైనా 2 నెలలు, మిగతావాటికి 4. లెక్క వార్త అచ్చయిన రోజు నుంచి, మీ ఉత్తరం తేదీ నుంచి కాదు. ఇప్పటికే మూడు వారాలు పోయినాయి. ఎడిటర్‌కు 15 రోజులు చూసి ఢిల్లీలోని కౌన్సిల్‌కు పంపేయండి.

జత చేయాల్సినవి: వార్త క్లిప్పింగు, దాని ఇంగ్లీషు అనువాదం, ఎడిటర్‌కు రాసిన ఉత్తరం, జవాబొస్తే అదీ, ఈ విషయం ఏ కోర్టులోనూ నడవడం లేదని డిక్లరేషన్. అనువాదంలో హెడ్డింగు ఉన్నదున్నట్టు ఉండాల. ‘ఆరోపణ’ అని వేసినదాన్ని ‘దోచుకున్నారు’ అని మారిస్తే మీ మాట మీదే నమ్మకం పోతుంది.

కోర్టులో కేసుంటే కౌన్సిల్ విచారించదు, ప్రెస్ కౌన్సిల్ చట్టం 14వ సెక్షన్లోనే ఉంది. లాయరు నోటీసు కేసు కిందికి రాదు. పరువునష్టం సివిల్ దావాకు ఏడాది గడువుంది కాబట్టి ముందు కౌన్సిల్, ఆ తేదీ మీద మాత్రం కన్నుండాల.

అనంతపురం నుంచి:
చెప్పిందెవరో అడగొద్దండి. సమాచారం ఇచ్చినవారి పేరు బయటపెట్టమని విలేకరిని గానీ ఎడిటర్‌ను గానీ కౌన్సిల్ బలవంతపెట్టకూడదు, ఆ చట్టం సెక్షన్ 15(2) అదే చెప్తుంది. ఉపాధి పనుల్లో దొంగ మస్టర్ల (హాజరు పట్టీల) గుట్టు విప్పే కూలీని కాపాడేదీ ఆ వాక్యమే. వార్త తప్పని రుజువు చేయడానికి మీ స్టేట్‌మెంటు చాలు.

కౌన్సిల్ హెచ్చరిస్తుంది, మందలిస్తుంది, అభిశంసిస్తుంది. ఆ నిర్ణయాన్ని అచ్చు వేయమని పత్రికకు చెప్పగలదు. జరిమానా, జైలు లేవు. కోరల్లేవని కొట్టిపారేస్తారు గానీ, నాకైతే అట్లా ఉండడమే మేలనిపిస్తుంది. 1966లో మొదలైన కౌన్సిల్‌ను ఎమర్జెన్సీలో రద్దు చేసినారు, 1978 చట్టంతో 1979లో మళ్లీ వచ్చింది. శిక్షించే అధికారమే ఉండి, అది అట్లాంటి ప్రభుత్వం చేతికి చిక్కితే చిన్న పత్రిక బతుకుతుందా? ఛైర్మన్ కాక 28 మంది సభ్యుల్లో 20 మంది పత్రికలవాళ్లే. విలేకరి మీద అధికారుల ఒత్తిడి ఉంటే అతనూ కౌన్సిల్‌కే రాయొచ్చు.

ఆదోని పాఠకుడు:
అదే వార్త వాళ్ల టీవీలో, వెబ్‌సైట్లో కూడా ఉంది. ఒకే ఫిర్యాదు సరిపోతుందా?

డెస్క్ మనిషి, కడప:
టీవీ కౌన్సిల్ పరిధి కాదు. ఛానెల్ ఫిర్యాదుల అధికారికి వేరేగా రాయండి, 15 రోజుల్లో తేల్చాలని 2021 కేబుల్ నిబంధన. తేల్చకపోతే ఆ ఛానెల్ చేరిన స్వీయ నియంత్రణ సంస్థకు అప్పీలు. వెబ్‌సైట్‌కు ఎడిటర్‌కు పంపిన ఉత్తరమే మెయిల్ చేయండి. దానికి ముందే తేదీ, లింకు కనపడేట్టు స్క్రీన్‌షాట్ తీసుకోండి, తర్వాత పేజీ మార్చేస్తే చూపించడానికి ఏమీ మిగలదు.