కబడ్డీ ఆడే మనిషి తన ప్రేమ సంగతి బయటపెట్టాలా?

సింగరాయకొండ తమ్ముడు:
నా స్నేహితుడు ప్రొఫెషనల్ లీగ్‌లో రైడర్. స్పోర్ట్స్ హాస్టల్లో ఉన్నప్పుడు తోటి ఆటగాడూ వాడూ ప్రేమించుకున్నారు. రెండో అతనికి రైల్వేలో ఉద్యోగం వచ్చి దూరం వెళ్ళాక మాటలు ఆగిపోయాయి. ఇన్నేళ్ళకి వేలంలో ఇద్దరూ ఒకే జట్టుకి వచ్చారు, క్యాంపులో మళ్ళీ దగ్గరయ్యారు. ఇంట్లోవాళ్ళేమో వాడికి కావలిలో ఒక అమ్మాయి సంబంధం చూస్తున్నారు. ధైర్యంగా చెప్పేయమంటున్నాను నేను. మీరేమంటారు?

నెల్లూరు పాత ఆటగాడు:
ముందు నువ్వు ఇన్ని వివరాలు రాయకు తమ్ముడూ, ఊళ్ళోవాళ్ళు ఇట్టే పట్టేస్తారు. చెప్పొద్దనే నా మాట. మోకాలు పోతే మన ఆట అక్కడితో సరి. ఉన్న నాలుగేళ్ళలోనే సంపాదించుకోవాలి. 2018లో సుప్రీంకోర్టు తీర్పుతో ఇద్దరు మగవాళ్ళ సంబంధం నేరం కాకుండా పోయింది, నిజమే. కానీ టోర్నమెంట్‌లో వాడితో గది పంచుకోం అని తోటివాళ్ళు అంటే ఏ కోర్టుకి పోతాడు? ఇంగ్లాండ్ ఫుట్‌బాల్ ఆటగాడు జస్టిన్ ఫషాను తను గే అని 1990లో చెప్పాడు. సొంత తమ్ముడే నలుగురిలో కాదన్నాడు. 1998లో ప్రాణం తీసుకున్నాడు.

ఒంగోలు నుంచి:
అన్నా, పరుగు పందేల ద్యుతీ చంద్‌ది ఒడిశాలో చేనేత కుటుంబం. 2019లో తను ఒక అమ్మాయిని ప్రేమిస్తున్నానని చెప్పింది. ఇంట్లోవాళ్ళు ఎదురు తిరిగినా పరుగు ఆపలేదు. అంతకుముందు ఏడాదే ఆసియా క్రీడల్లో రెండు రజతాలు తెచ్చింది కాబట్టి ఆమె మాటకి బలముంది, అది ఒప్పుకోవాలి. ఇంగ్లాండ్ క్రికెటర్ స్టీవెన్ డేవిస్ ముందు జట్టువాళ్ళకి చెప్పుకుని, 2011లో లోకానికి చెప్పాడు. ఆ తర్వాత కూడా ఏళ్ళపాటు కౌంటీల్లో ఆడాడు. మీవాడు కూడా నమ్మకమైన ఒకరిద్దరితో మొదలుపెట్టొచ్చు కదా.

కావలి అక్క:
అందరూ ఆ అబ్బాయి గురించే మాట్లాడుతున్నారు. మా కావలి పిల్ల సంగతేంటి? మా బంధువుల అమ్మాయి ఒకామె ఇలాంటి పెళ్ళిలో పడింది. భర్త దగ్గరికి రాకపోతే తనలోనే లోపముందనుకుని ఏళ్ళ తరబడి గుళ్ళూ ఆస్పత్రులూ తిరిగింది. ప్రేమ దాచుకోవడం ఆ అబ్బాయి హక్కు, ఎవరూ కాదనరు. దాన్ని దాచడానికి ఒక ఆడపిల్లని తెచ్చుకోవడం మాత్రం అన్యాయం.

సింగరాయకొండ తమ్ముడు:
వివరాలు కొన్ని మార్చే రాశానన్నా. అక్కా, పెళ్ళి వద్దని వాడికీ ఉంది. అమ్మ ఏడుస్తుందని నోరు మెదపడం లేదు.

నెల్లూరు పాత ఆటగాడు:
అక్క మాట నాకూ సబబే. సంబంధం ఆపమను. ఎందుకో చెప్పనక్కర్లేదు.

కావలి అక్క:
కారణం చెప్పకుండా ఆపితే పిల్లలో ఏదో ఉందని ఊరు అనుకుంటుంది. నిశ్చయ తాంబూలాలు కాకముందే వాడే పెద్దల ముందు కూర్చుని, నాకు ఇప్పుడు పెళ్ళి ఇష్టం లేదు, అమ్మాయిలో ఏ తప్పూ లేదని చెప్పాలి. ఆ మాత్రం ధైర్యం చేయమను తమ్ముడూ.