వాటికన్ మ్యూజియంలకి ఆన్‌లైన్ టికెట్ దొరకలేదు, ఏ టైమ్‌కి వెళ్తే లైన్ తక్కువ?

నలుగురం రోమ్‌లో ఉన్నాం, శుక్రవారం రాత్రి ఫ్లైట్. సెయింట్ పీటర్స్ బసిలికా చూసేశాం. సోమవారం పదిన్నరకి వెళ్తే సెక్యూరిటీ లైన్ బసిలికా ముందున్న స్తంభాల వరస వెంబడి చుట్టూ తిరిగిపోయి ఉంది. నిన్న పొద్దున్నే 7 గంటలకి తలుపులు తీసే వేళకి వెళ్తే పది నిమిషాల్లో లోపలున్నాం.

చిక్కంతా సిస్టీన్ చాపెల్‌తోనే. అది మ్యూజియంల లోపలే ఉంది కాబట్టి దానికి మ్యూజియంల టికెట్ కావాలి. ఆన్‌లైన్‌లో గురు, శుక్రవారాలు రెండూ అయిపోయాయి. రాత్రి 12కి, మళ్లీ పొద్దున 6కి రిఫ్రెష్ చేసి చూశాను, ఏమీ తెరుచుకోలేదు. నిన్న మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి టికెట్ లేనివాళ్ల లైన్‌లో నిలబడ్డాం. పక్కన ఎత్తైన గోడ, అయినా నీడ లేదు. గంటా పది నిమిషాల్లో నలభై అడుగులు కదిలామేమో. అమ్మకి 68, మోకాళ్ల నొప్పులు. గోడకి ఆనుకుని, చెప్పులు విప్పేసి నిలబడింది. ఇక లాభం లేదని వచ్చేశాం.

నెలలో ఆఖరి ఆదివారం ప్రవేశం ఉచితమే కానీ అప్పటికి మేం ఇంట్లో ఉంటాం. గైడెడ్ టూర్ అడిగితే మనిషికి 85 యూరోలన్నారు. నలుగురికి 340, మనసొప్పడం లేదు.

ఈమధ్య టికెట్ లేకుండా వెళ్లినవాళ్లు చెప్పండి: గురువారం గానీ శుక్రవారం గానీ ఎన్ని గంటలకి లైన్‌లో నిలబడితే గంటలోపు లోపలికి వెళ్లగలం?