సమస్యాపూరణం: అగ్గి కురిపించి చల్లార్చె నాటగాండ్ర

నిర్వాహకుడు: ఈ వారం ఫుట్‌బాల్ మీద పూరిద్దాం. ఇచ్చిన పాదం చివర వచ్చేలా పైన మూడు పాదాలు రాయాలి. ఛందస్సు తేటగీతి. విషయం ఇటలీ కోచ్ ఆంటోనియో కోంటే, ఆయన చేపట్టి మళ్లీ కట్టిన జట్లు. మైదానం అంచున ఆయన పెట్టే అరుపులు ఆయన బలమా, బలహీనతా అని ఇక్కడ చాలాకాలంగా వాదన నడుస్తోంది. ఆ వాదనను ఈసారి పద్యంలోకి తెండి. సమస్య ఇది:

అగ్గి కురిపించి చల్లార్చె నాటగాండ్ర

అగ్గి కురిస్తే కాలాలి గాని చల్లారడమేమిటన్నది విడదీయాలి. ఏ ఆట, ఏ ఏడాది అన్నది పద్యం కింద రెండు మాటల్లో చెప్పండి.

వెసూవియస్: నాది ఇటలీ క్లబ్ నాపోలి పక్షం.

పదవ చోటికి దిగజారి పడిన జట్టు
గుండెలో నింపి ధైర్యము కోంటె వచ్చి
యోటముల వేడి మదిలోన నుడుగఁ జేయ
నగ్గి కురిపించి చల్లార్చె నాటగాండ్ర

2022–23లో ఇటలీ లీగ్ ఛాంపియన్లు, మరుసటి ఏడాది పదో స్థానం. ఆ ఒక్క సీజన్‌లోనే ముగ్గురు కోచ్‌లు మారారు. కోంటే వచ్చాక 2024 ఆగస్టులో మొదటి లీగ్ ఆటే వెరోనా చేతిలో 3–0తో పోయింది. జనవరిలో మా మేటి ఆటగాడు క్వారత్‌స్ఖేలియాను పారిస్ క్లబ్ పీఎస్‌జీకి అమ్మేశారు. అయినా చివరికి 82 పాయింట్లతో, ఇంటర్ మిలాన్ కంటే ఒక్క పాయింట్ ఎక్కువతో టైటిల్ మాదే.

నిర్వాహకుడు: చాలా బాగుంది. వేడి ఓటములది, దాన్ని దించింది కోచ్ అగ్గి. విరోధం చక్కగా విడిపోయింది. 'వచ్చి యోటముల' దగ్గర యడాగమం (సంధిలో చేరే 'య'), 'జేయ నగ్గి' దగ్గర ద్రుతం (చేరే 'న') సరిగ్గా పడ్డాయి. పేరు చివర హ్రస్వం చేసుకోవడం పద్యంలో చెల్లుతుంది.

నీలాంబరి: ఆ మొదటి పాదం మా లండన్ క్లబ్ చెల్సీకీ అతుకుతుంది. 2015–16లో మేమూ పదో స్థానమే. మరుసటి ఏడు 30 విజయాలు, 93 పాయింట్లు, కప్పు. నా పూరణ:

వరుస పదమూడు గెలుపుల వరద పాఱ
నీలి చొక్కాల సేనతో నిలిచి గెలిచి
యెదుటి జట్టుల పొగరును నిట్టె యణచి
యగ్గి కురిపించి చల్లార్చె నాటగాండ్ర

నిర్వాహకుడు: మొదటి పాదం ధార అద్భుతం. అగ్గిని ప్రత్యర్థుల మీదికి మళ్లించిన ఊహ కూడా మంచిదే. చిక్కు అన్వయంలో, అంటే ఏ మాట దేనితో కలుస్తుందన్న దగ్గర ఉంది. 'ఎదుటి జట్టుల' అన్నది పొగరుతోనే ఆగిపోయింది, చల్లారిన ఆటగాళ్లు ఎవరో తేలలేదు. సొంతవాళ్లనే చల్లార్చాడని చదివితే కాదనలేం. మూడో పాదం ఇలా చూడండి:

యెదుటి జట్టున మదమున నెగురువారి
నగ్గి కురిపించి చల్లార్చె నాటగాండ్ర

నీలాంబరి: ఇదే ఉంచుతాను, ధన్యవాదాలండీ.

తెల్ల చొక్కా: మీ ఇద్దరికీ కప్పులొచ్చాయి, మెచ్చుకుంటారు. కోంటే శిక్షణలో మా లండన్ క్లబ్ టాటెన్‌హామ్‌లో జరిగింది నేను చెబుతాను.

మూడు మూడుగ నా యాట ముగిసినంత
పత్రికల వారి ముందర పరువు దీసి
యున్నపాటున నుత్సాహ మూడిపోవ
నగ్గి కురిపించి చల్లార్చె నాటగాండ్ర

2023 మార్చి, సౌతాంప్టన్‌లో. 3–1తో ముందుండి, చివర్లో పెనాల్టీతో 3–3కు జారాం. ఆటగాళ్లు స్వార్థపరులని విలేకరుల ఎదుటే అన్నాడాయన. వారం తిరగగానే క్లబ్బూ ఆయనా విడిపోయారు. మందలించాలంటే తలుపేసి మందలించాలి. లోకం ముందు తిట్టించుకున్నవాడు మరుసటి శనివారం ఎవరి కోసం పరుగెత్తుతాడు?

వెసూవియస్: తప్పంతా ఆయనదేనా? ఆధిక్యం పోగొట్టుకున్నది మైదానంలో ఉన్నవాళ్లు కదా.

తెల్ల చొక్కా: పోగొట్టుకున్నారు, కాదనను. కానీ ఆ జట్టును సిద్ధం చేసింది కూడా ఆయనే గదండీ. గెలిస్తే కోచ్ అగ్గి, ఓడితే ఆటగాళ్ల స్వార్థం అంటే ఎలా?

నిర్వాహకుడు: ఈ వారం పూరణల్లో నాకు బాగా పట్టుకున్నది ఇదే. సమస్యలో విరోధమే లేదన్నట్టు చదివారు: చల్లార్చడం అంటే నీరుగార్చడం. ఒక్క అక్షరం ముట్టుకోనవసరం లేదు. 'ఉన్నపాటున' అన్న పలుకుబడి ఎంత సహజంగా కూర్చుందో చూడండి.

కొత్త కలం: నమస్కారం, ఇది నా మొదటి పద్యం. చెల్సీ ఆటగాడు విక్టర్ మోసెస్ మీద రాశాను. చెల్సీ అతణ్ని లివర్‌పూల్‌కు, స్టోక్‌కు, వెస్ట్‌హామ్‌కు వరుసగా లోన్ మీద పంపింది. కోంటే వచ్చి కుడి అంచున ముందుకూ వెనక్కూ పరుగెత్తే వింగ్‌బ్యాక్‌గా నిలబెట్టాడు.

అరువు కేగిన వానిని నాదరించి
కొత్త చోటున నిలబెట్టి పనిని జెప్పి
పరుగు లెత్తించి చెమటలు పట్టజేసి
యగ్గి కురిపించి చల్లార్చె నాటగాండ్ర

నిర్వాహకుడు: స్వాగతం. లోన్‌ను 'అరువు' అనడం ముచ్చటగా ఉంది. చెమట పడితే ఒళ్లు చల్లబడుతుంది, అదే మీ పరిష్కారం. ఇంత సూటిగా ఇంకెవరూ విప్పలేదు. రెండో పాదంలో గణాలు సరిపోయాయి గాని యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షర మైత్రి) తప్పింది, 'కొ'కు 'ప' చెల్లదు. 'పనిని జెప్పి' బదులు 'కొలువు నిచ్చి' అనండి, యతి కుదురుతుంది, అర్థమూ పెరుగుతుంది.

నీలాంబరి: కొత్త కలం గారూ, మోసెస్‌ను ఎంచుకున్నందుకు చాలా సంతోషం. ఆ టైటిల్ అనగానే అందరూ ఆటగాళ్లలో హజార్ గురించి, కాంటే గురించే మాట్లాడతారు.

నిర్వాహకుడు: నా పూరణా పెడుతున్నాను. 2016 సెప్టెంబరులో ఆర్సెనల్ చేతిలో 3–0తో ఓడిన ఆటలోనే కోంటే వెనక ముగ్గురు రక్షకుల వరుసకు, 3-4-3 అమరికకు మారాడు. పదమూడు విజయాలు ఆ తర్వాతివి. అరుపులు అంతకుముందూ ఉన్నాయి, మారింది అమరిక.

మూడు నాలుగు మూడుగా మోహరించి
యెవరి చోటేదొ చేతితో నెరుకపరచి
కలత దీర్చుచు గీతపై గంతు లిడుచు
నగ్గి కురిపించి చల్లార్చె నాటగాండ్ర

బంతి వచ్చేలోపే తానెక్కడుండాలో, ఎవరికి అందించాలో ఆటగాడికి తెలిసిపోవాలి. అది తెలిస్తే మైదానం గీత మీంచి కోచ్ వేసే కేక గుర్తుచేసే మాట అవుతుంది. తెలియకపోతే వట్టి బెదిరింపు. ఇటలీలోని యువెంటస్ రెండేళ్లు వరుసగా ఏడో స్థానంలో ఉండి, కోంటే వచ్చాక 2011–12లో 38 ఆటల్లో ఒక్కటీ ఓడకుండా లీగ్ గెలిచిందంటే కోపం ఒక్కటే చాలదు.

తెల్ల చొక్కా: అమరిక సంగతి ఒప్పుకుంటాను. మరి మన్నిక? యువెంటస్ నుంచి 2014లో సీజన్ మొదలవబోతుండగా తప్పుకున్నాడు. ఇంటర్‌ను 2021లో గెలిపించిన నెలలోనే వెళ్లిపోయాడు. చెల్సీలో రెండో ఏడు ఐదో స్థానం, ఎఫ్‌ఏ కప్ గెలిచినా పంపేశారు. జట్టు కట్టడమంటే ఆయన వెళ్లాక కూడా నిలవాలి కదండీ.

వెసూవియస్: యువెంటస్ నిలిచింది. ఆయన వెళ్లాక ఇంకో ఆరు టైటిళ్లు వరుసగా గెలిచింది. ఆ వరుసను తెంచింది మళ్లీ ఆయన ఇంటరే.

తెల్ల చొక్కా: సరే, మాదీ వినండి. 2025 మే 21న మేం యూరప్ క్లబ్బుల పోటీ యూరోపా లీగ్ గెలిచాం, కోచ్ పోస్టెకోగ్లూ కింద, ఇంగ్లండ్ లీగ్‌లో 17వ స్థానంలో ఉండి. మీ నాపోలి టైటిల్ మే 23న. ఆయన వదిలిన జట్టూ, ఆయన పట్టిన జట్టూ రెండు రోజుల తేడాతో కప్పులెత్తాయి.

నిర్వాహకుడు: ఇది గద్యంలో వదిలేస్తే ఎలాగండీ? మే 21, మే 23 రెండూ ఒకే తేటగీతిలో రావాలి, చివరి పాదం ఇదే. ఆదివారం దాకా గడువు. కొత్త కలం గారు కూడా రాయాలి.