కన్నా (లాగి వాడే జపాన్ రందా) దిమ్మలో బ్లేడు దిగట్లేదు, చెక్క ఎక్కడ తీయాలి?

ప్రశ్న: నమస్కారమండీ. నాగోయాలో ఉంటాను. పాత సామాన్ల అంగట్లో 70 మి.మీ. కన్నా బ్లేడు ఒకటి దొరికితే, దానికి షిరాకాషి (జపాన్ తెల్ల ఓక్) చెక్కతో దిమ్మ నేనే చెక్కాను. బ్లేడు కూర్చునే వాలు అడ్డం 10కి ఎత్తు 8 లెక్కన పెట్టాను. నోటికి (పదును బయటికొచ్చే అడుగు సందుకు) రెండు వేళ్ల ఎత్తులోనే బ్లేడు బిగుసుకుపోతోంది. గట్టిగా కొడితే దిమ్మ పగులుతుందేమోనని టెన్షన్. బ్లేడు అంచులు దూరే పక్క గాడులు పెద్దవి చేయనా?

జవాబు: ముందు సుత్తి పక్కన పెట్టండి. గాడిలో బ్లేడును పైనుంచి అదిమే ముఖం జోలికి మాత్రం వెళ్లొద్దు. బ్లేడు అంచులకు అటూ ఇటూ కాస్త సందు ఉందా చూడండి, లేకపోతే అక్కడ తీయాల్సిందే. చలికాలం హీటరు వేడికి చెక్క ముడుచుకుంటుంది, ఇనుము ముడుచుకోదు. దిమ్మలు చీలేది అందుకే.

తర్వాత తీయాల్సింది పడకలోనే, అంటే బ్లేడు వీపు ఆనే వాలులో. ఇది కొలిమిలో సాగగొట్టిన బ్లేడు, వీపు స్కేలు పెట్టినట్టు ఉండదు. పడక ఆ ఎగుడుదిగుళ్లకు సరిపోవాలి. బ్లేడు వీపుకు మెత్తటి పెన్సిల్ రుద్ది, మెల్లగా దించి, బయటికి తీయండి. పడక మీద నల్లగా అంటిన చోట మాత్రమే వెడల్పాటి ఉలితో గీకండి. మళ్లీ రుద్దండి, మళ్లీ దించండి. విసుగొచ్చే పనే, కానీ దీనికి అడ్డదారి లేదు. చేత్తో నొక్కితే బ్లేడు నోటికి కొద్ది దూరంలో ఆగి, మిగతాది చిన్న దెబ్బలతో దిగాలి. అక్కడితో ఆపేయండి. ఎక్కువ తీసి వదులైతే పడకకు పల్చటి కాగితం అంటించొచ్చు.

బ్లేడు బయటికి తీసేటప్పుడు దిమ్మ వెనక అంచు మీద కుడికొకటి, ఎడమకొకటి కొట్టండి. నడిమధ్యన కొడితే మీరు భయపడిన పగులు నిజంగానే వస్తుంది.

ప్రశ్న: దిగింది, థాంక్సండీ! అడుగు కూడా చదును చేశాను. కానీ పొర లేవట్లేదు, చెక్క మీద జారిపోతోంది.

జవాబు: బ్లేడు తీసేసి చదును చేశారా? బ్లేడు బిగిస్తే ఆ ఒత్తిడికి నోటి దగ్గర అడుగు ఉబ్బుతుంది. పదును బయటికి రాకుండా కాస్త వెనక్కి లాగి, బిగుతు మాత్రం అలాగే ఉంచి సరిచేయండి.

ఇంకోటి, అడుగంతా చదునుగా ఉండక్కర్లేదు. మన రందా, ఇనుప ప్లేను వాడిన చేతికి ఇది వింతగా తోస్తుంది. నునుపు పనికి వాడే కన్నా అడుగు రెండు చోట్లే ఆనాలి: లాగేటప్పుడు ముందుండే కొస, నోటికి సరిగ్గా ముందున్న సన్నటి పట్టీ. మధ్యలో కాగితం మందమంత లోతు చాలు, నోటి వెనక భాగం కూడా అంతే. అంచులు జోడించే పనికైతే వెనక కొస కూడా ఆనాలి.

గీకడానికి దైనావోషి కన్నా (దిమ్మ అడుగును గీకే నిలువు బ్లేడు రందా) ఉంటే సరే, లేదంటే పదునైన ఉలిని నిలువుగా పట్టి అడ్డంగా లాగండి. గరుకు కాగితం వద్దు, దాని రేణువులు చెక్కలో ఇరుక్కుని బ్లేడు అంచును తినేస్తాయి. స్కేలు మూలమూలకు కూడా పెట్టి చూడండి, దిమ్మ మెలి తిరిగితే పొర ఒక పక్కే వస్తుంది.

ప్రశ్న: పై రేకు (బ్లేడు మీద పెట్టే రెండో ఇనుప ముక్క) ఇప్పుడే పెట్టాలా?

జవాబు: ఇప్పుడొద్దు. ఒక్క బ్లేడుతో పొర వెడల్పంతా వచ్చాక పెట్టండి.