పశువుల పేర్లు స్పానిష్‌లో ఎలా నేర్చుకోవాలి?

మాది కావలి దగ్గర పల్లె. పశువైద్యం చదివాను, పరాగ్వేలో ఆవుల ఫామ్ ఉద్యోగానికి ప్రయత్నిస్తున్నా. యాప్‌లో ఎంతసేపూ హోటలు, ఎయిర్‌పోర్టు మాటలే. ఇంటర్వ్యూ తలుచుకుంటే టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి అన్నా?

జవాబు: తమ్ముడూ, ఆవుతోనే మొదలుపెట్టు. లా బాకా ఆవు, ఎల్ తోరో ఆబోతు, ఎల్ బువేయ్ దున్నే ఎద్దు, ఎల్ తెర్నేరో దూడ, మంద మొత్తం గానాదో. ముందు వచ్చే లా (స్త్రీలింగం), ఎల్ (పుంలింగం) వదిలేసి బట్టీ కొట్టొద్దు, తర్వాత వాక్యంలో తడబడతావు. పొదుగు ఊబ్రే, పాలు పితకడం ఒర్దెన్యార్. రోజూ దొడ్లో పని చేస్తూ పైకి అనుకో, పుస్తకం కంటే అదే బాగా పట్టుకుంటుంది. ఇంకోటి, మన ఒంగోలు జాతి సంతతినే అక్కడ నెలోరే అంటారు, మన నెల్లూరు పేరే! బ్రెజిల్‌లోనే కాదు, పరాగ్వే, బొలీవియాల్లోనూ ఉన్నాయి. ఇంటర్వ్యూలో తప్పకుండా చెప్పు.

ఇంకొకరు: దేశాన్ని బట్టి మాట మారుతుంది, చూసుకో. పెద్ద పశువుల ఫామ్‌ని మెక్సికోలో రాంచో అంటే పరాగ్వే, అర్జెంటీనాల్లో ఎస్తాన్సియా అంటారు. పంది స్పెయిన్‌లో సెర్దో, నువ్వెళ్లే వైపు చాంచో. పరాగ్వేలో గ్వారానీ కూడా అధికార భాషే, పల్లెల్లో ఎక్కువగా అదే మాట్లాడతారు కాబట్టి పలకరింపులైనా నేర్చుకుని వెళ్లు.

మరొకరు: రొయ్యల చెరువుల్లో పనిచేసేవాళ్లు ఈక్వెడార్ వైపు చూస్తుంటే, రొయ్య కమరోన్, చెరువు పిసీనా, మేత బలన్సెయాదో.