అత్యవసర వసతి గృహం: బిడ్డ వచ్చిన మొదటి రాత్రి వరస ఎలా ఉండాలి?

ప్రశ్న (నిర్వాహకురాలు)

ఎనిమిది పడకలతో అత్యవసర వసతి గృహం మొదలుపెడుతున్నాం. ఇంట్లో హింస, నిర్లక్ష్యం వల్ల అధికారులు అప్పటికప్పుడు బయటికి తెచ్చిన పిల్లలు, 3 నుంచి 16 ఏళ్ల వాళ్లు, ఒక్క రాత్రి నుంచి కొన్ని వారాల దాకా ఉంటారు. మొదటి రాత్రికి మేం రాసుకున్న వరస ఇది: రాగానే స్నానం, పేన్ల మందు, పాత బట్టలు పారేసి కొత్తవి వేయడం, కడుపునిండా భోజనం, తర్వాత కౌన్సెలర్ కూర్చుని ఏం జరిగిందో వివరంగా రాసుకోవడం, ఆపైన నిద్ర. ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేరువేరు గదులు. ఇందులో ఏం మార్చాలో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

జవాబు (పిల్లల విభాగం నర్సు)

అండీ, ముందుగా ఆ స్నానాన్ని వరసలో కిందికి దింపండి. శుభ్రం చేయాలన్న ఆత్రంలో ఎక్కువగా నష్టపోయేది అక్కడే.

లైంగిక హింస జరిగిందన్న అనుమానం ఏ కొంచెం ఉన్నా స్నానం చేయించొద్దు, బట్టలు ఉతకొద్దు, వైద్య పరీక్ష అయ్యేదాకా ఆగండి. చిన్నపిల్లల ఒంటి మీద దొరికే ఆనవాళ్లు చాలామటుకు మొదటి 24 గంటల్లోనే దొరుకుతాయి. ఆ తర్వాత దొరికేవి ఎక్కువగా బట్టల మీదా దుప్పట్ల మీదే. మీరు పారేద్దామనుకున్న ఆ లోదుస్తులే రేపు ఆ బిడ్డ తరఫున మిగిలే ఒకే ఒక్క సాక్ష్యం కావచ్చు. బట్టలు మార్చక తప్పకపోతే నేల మీద శుభ్రమైన పెద్ద కాగితం పరిచి, బిడ్డను దాని మీద నిలబెట్టి మార్చండి. గ్లోవ్స్ వేసుకుని ఒక్కో బట్టను ఒక్కో కాగితం సంచిలో పెట్టి, అంటించి, తేదీ, సమయం, సంతకం వేయండి. ఆ కింది కాగితాన్నీ మడిచి మరో సంచిలో పెట్టాలి. ప్లాస్టిక్ కవరు మాత్రం వద్దు. లోపల చెమ్మ పట్టి, బూజు చేరి డీఎన్‌ఏ పాడైపోతుంది.

ఆస్పత్రికి తీసుకెళ్లడంలో గంటలు లెక్కే. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు హింస జరిగిన 72 గంటలలోపు మొదలుపెట్టాలి, అందులోనూ ఎంత ముందైతే అంత మేలు. కోర్సు 28 రోజులు. రజస్వల అయిన అమ్మాయికి అత్యవసర గర్భనిరోధక మాత్ర 5 రోజులలోపు పనిచేస్తుంది, కానీ ఆలస్యమయ్యేకొద్దీ దాని బలం తగ్గుతుంది.

పేన్లు ఆ రాత్రి పని కానే కాదు. 1 శాతం పెర్మెత్రిన్ తలకు పట్టించి 10 నిమిషాలకు కడిగేయడం, మళ్లీ తొమ్మిదో రోజు ప్రాంతంలో ఇంకోసారి. మర్నాడు బిడ్డకు చెప్పి చేయొచ్చు. జుట్టు కత్తిరించడం అస్సలు వద్దు. గజ్జి అయితే 5 శాతం పెర్మెత్రిన్ క్రీము మెడ నుంచి కాలివేళ్ల దాకా రాసి 8 నుంచి 14 గంటలు ఉంచి కడగాలి, వారం తర్వాత మరోసారి.

కడుపునిండా భోజనం అన్నారు. బాగా చిక్కిపోయిన బిడ్డకు అదే ప్రమాదం. చాలాకాలం పస్తులున్న ఒంటికి ఒక్కసారిగా అన్నం పడితే రక్తంలో ఫాస్ఫేట్ లాంటి లవణాలు పడిపోయి గుండె లయ తప్పొచ్చు. అయిదేళ్లలోపు పిల్లలకు జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువున్నా, రెండు పాదాలూ వాచి ఉన్నా నేరుగా ఆస్పత్రికే. కొలత టేపు తలుపు దగ్గరే వేలాడదీయండి.

బిడ్డను తెచ్చిన అధికారి వెళ్లకముందే అడగాల్సినవి కొన్ని ఉన్నాయి: ఉబ్బసం పంపు, మూర్ఛ మాత్రలు, ఇన్సులిన్, ఏవైనా పడని మందులు. మూర్ఛ మాత్రలు హఠాత్తుగా ఆగితే ఫిట్స్ ఆగకుండా రావచ్చు. ఇన్సులిన్ ఒక్క రోజు తప్పినా ప్రాణం మీదికి వస్తుంది. మందులు ఇంట్లోనే ఉండిపోయాయని తేలితే అదే రాత్రి తెప్పించాలి, తెల్లారేదాకా ఆగే విషయం కాదు.

కమిలిన గాయాల సంగతి కూడా. నాలుగేళ్లలోపు బిడ్డకు ఛాతీ, పొట్ట, వీపు, చెవులు, మెడ మీద కమిలి ఉన్నా, ఇంకా పాకడం రాని పసికందు ఒంటి మీద ఎక్కడ కమిలినా డాక్టరు చూడాల్సిందే. చోటు, కొలత, ఆకారం రాయండి. "రెండు రోజుల కిందటి దెబ్బ" అని మాత్రం రాయొద్దు. కమిలిన రంగును బట్టి ఆ దెబ్బ ఎప్పటిదో చెప్పడం డాక్టర్లకే సాధ్యం కాదు, అలా రాసింది కోర్టులో ఎదురు తిరుగుతుంది.

జవాబు (రాత్రి పాళీ సూపర్‌వైజర్)

నర్సుగారు ఒంటి సంగతి చెప్పారు కాబట్టి నేను మాటల సంగతి చెప్తాను. ఆ కౌన్సెలర్ ఇంటర్వ్యూను మొదటి రాత్రి నుంచి పూర్తిగా తీసేయండి.

ఏం జరిగిందో రాబట్టే పని ఆ విద్యలో తర్ఫీదు పొందినవాళ్లది. వాళ్లు రికార్డు చేస్తూ, వీలైతే ఒక్కసారే అడుగుతారు. అంతకుముందు మనం పదిసార్లు అడిగితే బిడ్డ మాటల్లో మన మాటలు కలిసిపోతాయి. "నాన్నే కొట్టాడా?" అన్న ఒక్క ప్రశ్న చాలు, కేసు నీరుగారిపోవడానికి. తనంతట తాను చెప్తే వినండి. "ఊఁ, చెప్పు" అనడం దాకా సరిపోతుంది. తర్వాత పక్కకు వెళ్లి బిడ్డ అన్న మాటను అన్నట్టే, కొటేషన్లలో, మీరేం అడిగారో దానితో సహా సమయం వేసి రాయండి. శరీర భాగాలకు బిడ్డ వాడిన పేర్లను దిద్దొద్దు.

"ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకండి. "నిన్ను కాపాడే వాళ్లకు మాత్రం చెప్పాల్సి వస్తుంది" అనండి. "రేపు అమ్మ దగ్గరికి వెళ్తావులే" అన్నదీ అంతే, అది మన చేతిలో లేని మాట. తల్లిదండ్రుల గురించి చెడుగా ఒక్క మాట కూడా అనొద్దు. కొట్టిన చేతినే బిడ్డ ప్రేమిస్తూ ఉంటుంది.

బిడ్డకు ఆ రాత్రి కావాల్సింది తర్వాత ఏం జరుగుతుందో తెలియడం. నిద్రకు ముందు మంచం, బాత్‌రూమ్, రాత్రంతా మేలుకుని ఉండే మనిషి కూర్చునే చోటు, ఈ మూడూ నడిపించి చూపించండి. పొద్దున్న ఎవరు లేపుతారో చెప్పండి. తలుపు కనిపించేలా మంచం వేయండి. లైటు ఉండాలో వద్దో తననే అడగండి. పీడకలతో కేకవేస్తే గుమ్మం దగ్గరే ఆగి పేరు పెట్టి పిలవండి. దుప్పటి లాగడం, భుజం పట్టి కుదపడం చేస్తే కొందరు పిల్లలకు ఆ పాత రాత్రే తిరిగొచ్చినట్టుంటుంది.

పక్క తడపడం మామూలే. పక్క రెండు పొరలుగా వేయండి: రబ్బరు షీటు, దుప్పటి, దాని మీద మళ్లీ రబ్బరు షీటు, దుప్పటి. రాత్రి తడిస్తే పై రెండూ తీసేస్తే చాలు, లైటు వేయక్కర్లేదు, తోటి పిల్లలకు తెలియదు.

తిండి దాచుకోవడం కూడా అంతే, దొంగతనమని అనుకోవద్దు. దిండు కింద వెతకకండి. మూత ఉన్న చిన్న డబ్బాలో బిస్కెట్లు, పండు పెట్టి "ఇది నీదే, అయిపోతే మళ్లీ నింపుతాం" అని ఇవ్వండి. మాట తప్పకుండా నింపుతూ పోతే దాచుకోవడం దానంతటదే తగ్గుతుంది.

జవాబు (పునరావాస కార్యకర్త)

నర్సుగారూ, ఒంటినిండా మలమూత్రాలతో వచ్చిన బిడ్డను కూడా అలాగే పడుకోబెట్టమంటారా? అది మరో రకం హింస కాదా?

జవాబు (పిల్లల విభాగం నర్సు)

న్యాయమైన ప్రశ్నే. లైంగిక హింస అనుమానం లేకపోతే గోరువెచ్చని నీళ్లతో వెంటనే స్నానం చేయించండి, తానే చేసుకోగలిగితే తననే చేసుకోనివ్వండి. అనుమానం ఉంటే అలా పడుకోబెట్టడం కాదు, ఆ గంటలోనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. వెళ్లేలోపు చేతులు, ముఖం తుడవాలన్నా ముందు డ్యూటీ డాక్టరును ఫోన్‌లో అడగండి, నోటి నుంచీ గోళ్ల కింది నుంచీ కూడా నమూనాలు తీస్తారు.

ఇంకో మాట. చిరిగిన బొమ్మో మాసిన గుడ్డో పట్టుకుని వస్తే, సాక్ష్యంగా తీసుకోవాల్సి వస్తే తప్ప, దాన్ని బిడ్డ దగ్గర నుంచి తీసుకోవద్దు, ఎలాగూ ఉతకొద్దు. ఆ వాసనే బిడ్డకు మిగిలిన ఇల్లు. పేన్ల భయం ఉంటే బిడ్డ కళ్లెదుటే వేడి డ్రయ్యర్‌లో అరగంట తిప్పి వెంటనే చేతికివ్వండి.

జవాబు (దత్తత, పోషణ సంరక్షణ సలహాదారు)

గదుల విషయం ఎవరూ ఎత్తలేదు. తొమ్మిదేళ్ల అక్కనూ మూడేళ్ల తమ్ముడినీ ఆడ, మగ అని విడదీస్తే ఆ రాత్రి ఇద్దరూ నిద్రపోరు. సొంత ఇంట్లో ఉండలేని పిల్లల కోసం 2009లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన ప్రత్యామ్నాయ సంరక్షణ మార్గదర్శకాలు తోబుట్టువులను విడదీయొద్దనే చెప్తాయి, ఒకరి వల్ల మరొకరికి హాని ఉంటే తప్ప. ఎనిమిది పడకల్లో రెండింటిని చిన్న గదిలో తోబుట్టువులకే కేటాయించండి.

అవే మార్గదర్శకాలు మూడేళ్లలోపు పిల్లలను కుటుంబ వాతావరణంలోనే ఉంచమంటాయి. మీ కనీస వయసు 3 అంటున్నారు గానీ, అర్ధరాత్రి ఏడాది పాపను తెస్తే గుమ్మంలోంచి పంపలేరు. కాబట్టి పసివాళ్లను గంటల్లో తీసుకోగలిగే పోషక కుటుంబాల (బిడ్డను తాత్కాలికంగా తమ ఇంట్లో పెంచేవాళ్ల) జాబితా ఇప్పుడే సిద్ధం చేసుకోండి. రొమేనియాలోని బుకారెస్ట్‌లో 136 మంది అనాథాశ్రమ పిల్లల మీద జరిగిన అధ్యయనంలో, రెండేళ్లు నిండకముందే పోషక కుటుంబాలకు చేరిన వాళ్లలో పెంచేవాళ్లతో అనుబంధం బాగా కోలుకుంది, ఆలస్యమైనవాళ్లలో అంతగా కోలుకోలేదు.

ప్రశ్న (నిర్వాహకురాలు)

వరస మొత్తం తిరగరాస్తున్నాం, కృతజ్ఞతలు. చివరిగా ఒకటి: పెద్దపిల్లలు రాత్రి పారిపోకుండా తలుపులకు తాళం వేయవచ్చా?

జవాబు (రాత్రి పాళీ సూపర్‌వైజర్)

తాళం వద్దండి. నిప్పు అంటుకుంటే అదే ఉరి, పైగా ఇంట్లో బంధించిన బిడ్డకు మళ్లీ బంధిఖానా. తలుపు తీస్తే మోగే గంట పెట్టండి, మేలుకుని ఉండే మనిషిని ఉంచండి.

పారిపోయేది చాలాసార్లు మన మీద కోపంతో కాదు, ఇంట్లో మిగిలిన చెల్లి గురించో పెంపుడు కుక్క గురించో బెంగతో. అందుకే మొదటి గంటలోనే "ఇంట్లో ఎవరి గురించైనా దిగులుగా ఉందా?" అని అడిగి, ఆ సంగతి తెలుసుకుని చెప్తానని ఒప్పుకుంటే ఆ రాత్రే కనుక్కుని చెప్పండి. ఫోన్ ఉంటే లాక్కోకుండా, లొకేషన్ షేరింగ్ ఇద్దరూ కలిసి ఆపండి. లేకపోతే బిడ్డ ఎవరి నుంచి తప్పించుకొచ్చిందో ఆ మనిషే గేటు దగ్గర నిలబడతాడు.

వచ్చినప్పుడే ఫొటో, ఎత్తు, వేసుకున్న బట్టలు రాసి ఉంచండి. కనిపించకపోతే ఇల్లూ ఆవరణా పది నిమిషాలు వెతికి, వెంటనే పోలీసులకు ఫోన్ చేయండి, తెల్లారాక చూద్దామనుకోవద్దు. తిరిగొచ్చిన బిడ్డను ముందు "దెబ్బలేమైనా తగిలాయా, ఆకలిగా ఉందా?" అని అడగండి. ఎందుకెళ్లావన్నది మర్నాటికి ఉంచండి.